మాట్లాడకూడని ఆట

ఈమధ్య మా గ్రౌండులో కొత్తగా చేరిన ఒక డాక్టరు, వరసలో నా పక్కన నిలబడి చాలాసేపు చూసి చూసి అడిగాడు.

"ఏమీ అనుకోకండి భాయ్ గారూ. వన్ టౌన్‌లో మీది ఫాల్స్, లైనింగు గుడ్డల షాపట కదా. మీకీ గోల్ఫు ఎలా అలవాటైందండీ? టీవీలో ఎవరైనా పెద్ద ప్లేయర్ని చూశారా?"

"లేదండీ. మా ఎదురు కొట్టు షావుకారు గారిని చూసి."

"ఓహో, ఆయన బాగా ఆడతారా?"

"ఒక్క బాలు సరిగ్గా కొట్టగా నేను చూడలేదండీ. ఆయన పోయి ఏడాది దాటింది."

నవ్వబోయిన మనిషి ఆగిపోయి, "సారీ అండీ" అని తన బాల్సు వైపు తిరిగాడు. నాకూ ఆ రోజు ఆట సాగలేదు. స్టిక్కు సంచిలో పెట్టేసి షెడ్డులోకి వచ్చి కూర్చున్నాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది గోల్ఫు కాదు, ఆయన గొంతు.

మా వీధిలో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పొద్దున్నుంచీ తోపుడు బళ్ళు, బేళ్ళు మోసే ముఠావాళ్ళు, సరుక్కి వచ్చిన ఊళ్ళవాళ్ళు. ఆ గోలంతటి మీదా ఒక్క గొంతు వినపడేది. మా ఎదురుగా హోల్‌సేల్ నేతచీరల కొట్టులో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద, ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చునేవారాయన. గొడౌను సందు చివర ఉండేది. మనిషిని పంపేవారు కాదు, ఫోను చేసేవారు కాదు. కూర్చున్న చోటు నుంచే "ఒరేయ్, జరీ అంచు బేలు దించరా!" అని కేకేస్తే అక్కడ దించేవాళ్ళు.

అరిచే ముందు తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ వేసుకునేవారు. అరవడం అయ్యాక తల వెనక్కి వాల్చి, గ్లాసు పెదవికి తగలకుండా మంచినీళ్ళు గొంతులో పోసుకుని, మీసం తుడుచుకుని, ఎదురుగా కూర్చున్న ఖాతాదారుతో ఏమీ జరగనట్టు నవ్వేవారు.

"ఎందుకండీ అంత కేకలు? మెల్లగా చెప్పినా వింటారు కదా" అని నేనొకసారి అన్నాను.

"నువ్వు మగ్గం ఇంట్లో పుట్టలేదు భాయ్" అన్నారు. పామర్రు దగ్గర ఒక నేతవాళ్ళ పల్లె ఆయనది. చిన్న పెంకుటింట్లో వరసగా మగ్గాలు. "ఆ చప్పుడులో అన్నం కావాలన్నా అరవాల్సిందే. మెల్లగా అడిగిన రోజు పస్తే."

ఆ గొంతు వల్లే నేను బతికున్నాను. ఒక మధ్యాహ్నం మా కొట్టు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నాను. సరిగ్గా నా నెత్తికి పైన, పై అంతస్తులోకి తాడు కట్టి ఎక్కిస్తున్న బేలు జారింది. నాకు తెలీదు. "భాయ్, వెనక్కి!" అన్న కేక వీధి దాటి వచ్చి నన్ను గుండెల మీద చేత్తో తోసినట్టే తోసింది. బేలు నా ముందు పడి మెట్టు రాయి పగిలింది. ఆయన లేచి కూడా రాలేదు. నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, "మిగిలిన టీ తాగు" అన్నారు.

ఆ గొంతుకి ఇంకో పక్క కూడా ఉంది. మధ్యాహ్నం పటమటలో ఆయన ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. కూరలో ఉప్పెక్కువైతే ఇంటికి ఫోను చేసేవారు. ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకునేవారు కాదు, నోటి దగ్గర పెట్టుకునేవారు. అవతల మనిషి ఏమంటుందో వినాల్సిన పని ఆయనకెప్పుడూ ఉండేది కాదు. భార్యని, ఆవిడ పుట్టింటివాళ్ళని, ఆవిడ బుద్ధిని వీధంతా వినేలా కడిగేసేవారు. ముఠావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. కాసేపటికి అదే మనిషి, తన ఊరి నుంచి మామిడిపళ్ళొచ్చాయని, బుట్టలో సగం మా కొట్టుకి పంపేవారు.

గొంతు బొంగురుపోవడం మొదలైతే ఎవరం పట్టించుకోలేదు. అంత అరిచే మనిషికి బొంగురు రాకపోతేనే వింత అనుకున్నాం. సిగరెట్టుని పిడికిలి సందున పెట్టి గట్టిగా పీల్చే అలవాటు కూడా ఉంది ఆయనకి. మిరియాల పాలు, తేనె, పసుపు అన్నీ అయ్యాక హైదరాబాద్ తీసుకెళ్ళారు. అక్కడ గొంతులో మాట పుట్టే పెట్టెని మొత్తంగా తీసేశారు. మెడ కింద రంధ్రం పెట్టారు. ఇక ఊపిరి అందులోంచే. అన్నం తినొచ్చు. మాట మాత్రం రాదు, గుసగుస కూడా రాదు.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు కొట్లో కూర్చున్నారు. మెడకి అడ్డంగా పల్చటి తెల్ల నేతగుడ్డ కట్టుకునేవారు. ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి పోయి మళ్ళీ పైకి లేచేది. ఖాతాదారులొచ్చి, చెవిటివాడితో మాట్లాడినట్టు ఆయనతో గట్టిగా మాట్లాడేవాళ్ళు. మెడకి ఆనించి మాట్లాడే మిషనొకటి ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. అందులోంచి వచ్చే మాట, తుమ్మెద రేకుడబ్బాలో పడి కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఒకరోజు ఎవరో ఆడమనిషి చంకలోని పసిపిల్ల అది విని గుక్కపట్టి ఏడ్చింది. ఆయన మిషను సొరుగులో పడేసి మూసేశారు. గల్లాపెట్టె పెద్దకొడుక్కి వదిలేసి, కొట్టుకి రావడమే మానేశారు.

నాతో మాత్రం మాట్లాడేవారు. పెదవులు కదిపితే నాకు తెలిసిపోయేది. ఇందులో నా గొప్పేం లేదు. ఇన్నేళ్ళూ వీధికి ఇవతల కూర్చుని నేను చూసింది ఆ నోరే. ఏ తిట్టుకి ఆ పెదవి ఎటు వంగుతుందో నాకు తెలుసు.

ఒకరోజు మా కొట్టు ముందు ఆటో దిగి, ఫోనులో వీడియో ఒకటి చూపించారు. పచ్చగడ్డి, దూరంగా చెట్లు, ఒకడు కర్ర పట్టుకుని వంగి నిలబడ్డాడు. చుట్టూ బోలెడంత జనం. ఒక్కరూ కదలడం లేదు.

"ఇదేం ఆటండీ?"

"గోల్ఫు" అన్నారు పెదవులతో. హైదరాబాద్‌లో ఆస్పత్రి గది కిటికీలోంచి ఇలాంటి గ్రౌండే కనపడేదట. మంచం మీద పడుకుని రోజూ అదే చూసేవారట. "ముందు వీళ్ళకీ నాలాగే ఆపరేషన్ అయిందనుకున్నా. ఒక్కడూ నోరు తెరవడు. తర్వాత నర్సు చెప్పింది. ఒకడు కొట్టేటప్పుడు మిగతావాళ్ళు మాట్లాడకూడదట. అది రూలట."

ఆయన నవ్వారు. నవ్వుకి శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం టపటపా కొట్టుకుంది.

"నువ్వూ రావాలి. అక్కడ నా బదులు మాట్లాడేవాడు ఒకడుండాలి కదా."

అలా వెళ్ళాను నేను. ఆడటానికి కాదు, ఆయన తరఫున మాట్లాడటానికి.

గన్నవరం దారిలో, ఊరు దాటాక, మిలిటరీలో చేసి రిటైరైన ఒకాయన పాత చేపల చెరువుని పూడ్చి ఈ గ్రౌండు తయారుచేశాడు. చుట్టూ పొలాలు. ఒక రేకుల షెడ్డు, నిలబడి బాల్సు కొట్టడానికి చాపల వరస, అవతల గడ్డిలో కొన్ని గుంటలు, వాటి పక్కన జెండాలు. పొద్దున్నే కంట్రాక్టర్లు, డాక్టర్లు, ఒకరిద్దరు ఆఫీసర్లు వచ్చేవాళ్ళు. మేమిద్దరం ఆటో దిగితే ఏదో సరుకు దించడానికి వచ్చామనుకున్నారు.

మిలిటరీ ఆయన నా వైపు తిరిగి, "సార్‌కి చెప్పండి, కాళ్ళు ఇంకాస్త ఎడంగా పెట్టమని" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా షావుకారు గారు స్టిక్కుతో చాప మీద దబ్బున కొట్టారు. తన చెవి చూపించి పెదవులు కదిపారు.

"ఏమంటున్నారండీ?" అన్నాడు మిలిటరీ ఆయన.

"చెవులు బాగానే ఉన్నాయి, నాతోనే చెప్పమనండి అంటున్నారు" అన్నాను. మధ్యలో తిట్టు ఒకటి ఉంది, అది వదిలేశాను.

"సారీ సార్" అని మిలిటరీ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి నేర్పాడు. చివరికి షావుకారు గారు బాలు మీదికి వంగారు. వరసలో ఉన్నవాళ్ళు అప్పటిదాకా స్థలాల బేరాల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. మిలిటరీ ఆయన చెయ్యెత్తాడు. అందరూ నోళ్ళు మూశారు.

ఆయన వెంటనే కొట్టలేదు. మెల్లగా తలెత్తి, అక్కడున్న ఒక్కొక్కరి మొహమూ చూశారు. ఆ కాసేపూ అక్కడి మగాళ్ళందరూ ఆయనలాగే ఉన్నారు. గడ్డి మీద గాలి, ఆయన మెడలోంచి బుసబుసమని ఊపిరి, అంతే. తర్వాత కొట్టారు. స్టిక్కు బాలుకి తగల్లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదన్నది కూడా రూలే కాబోలన్నట్టు, ఆయన నా వైపు చూసి కన్ను గీటారు.

ఆ ఆట ఆయనకి రాలేదు. ఆపరేషన్ తర్వాత కుడి భుజం సరిగ్గా లేచేది కాదు. పైగా మనం ఏదైనా బలంగా చెయ్యాలంటే ఊపిరి బిగబడతాం. ఆయనకి బిగబట్టే వీల్లేదు, మెడలోంచి పోతుంది. అందుకని స్టిక్కుని చీర మడత విప్పినంత తేలిగ్గా తిప్పాల్సొచ్చేది. బాలు కాస్త దూరం దొర్లి ఆగిపోయేది. అక్కడిదాకా చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వెళ్ళేవారు. దారిలో ఎవరైనా కొట్టబోతుంటే, ఎంత దూరంలో ఉన్నా సరే, నిలబడిపోయేవారు. జీవితంలో ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వని మనిషి, ముక్కూమొహం తెలియనివాడు బాలు కొట్టేదాకా అలా ఎండలో నిలబడి ఉండేవారు.

కొన్నాళ్ళకి నా చేతిలో కూడా ఒక స్టిక్కు పెట్టారు. "ఊరికే దిష్టిబొమ్మలా నిలబడకు, నువ్వూ పట్టు." రోజంతా వాగి బతికేవాణ్ణి నేను. "ఈ లైనింగు మీ చీరకి అతికినట్టు సరిపోతుందమ్మా" అంటూ పొద్దుగూకేదాకా నా నోరు ఆగదు. కొట్టు మూసి ఇంటికెళ్ళాక కూడా ఆ బేరాలే చెవుల్లో తిరుగుతాయి. వంగి ఆ బాలుని చూస్తూ నిలబడినప్పుడు, చుట్టూ అందరూ ఊరుకున్నప్పుడు, నా లోపల కూడా ఎవరో నోరు మూసినట్టయింది. కొట్టాను. బాలు లేచి వెళ్ళి పొలం గట్టు దగ్గర పడింది.

ఆయన నా వీపు మీద చరిచారు. "నీకొస్తుంది. నాకు రాదు." మొహంలో సంతోషమూ ఉంది, అసూయా ఉంది. మా ఆవిడ మాత్రం, ఈ వయసులో కర్ర పట్టుకుని గడ్డిలో ఏం వెతుక్కుంటున్నావని ఇప్పటికీ అడుగుతుంది.

ఆయన్ని ఆటోలో ఎక్కించుకోవడానికి పొద్దున్నే పటమట వెళ్ళేవాణ్ణి. ఆయనకి గొంతున్న రోజుల్లోనూ ఆ ఇంటికి ఒకటి రెండుసార్లు వెళ్ళాను. గిన్నె చప్పుడు కూడా వినపడని ఇల్లు. ఆయన భార్య వంటింటి గుమ్మం దాటి వచ్చేది కాదు. చప్పుడవుతున్నాయని ఆయన అరిచినందుకు కోడలు కాళ్ళ పట్టీలు తీసి పెట్టేసిందట. ఇప్పుడు మెట్లెక్కుతుంటేనే టీవీలో పాటలు, అత్తాకోడళ్ళు దేనికో పగలబడి నవ్వుకోవడం. ఆయన గదిలోంచి బయటికి రాగానే నవ్వు ఆగేది. ఆయన మెట్లు దిగుతుండగా మళ్ళీ మొదలయ్యేది. నేను విననట్టు ఉండేవాణ్ణి.

వానాకాలంలో ఒక పొద్దున గ్రౌండులో ఉండగా జల్లు పట్టుకుంది. వానంటే ఆయనకి ప్రాణాల మీదికి వచ్చినట్టే. మెడ రంధ్రంలోకి నీళ్ళు పోతే నేల మీద నిలబడే మునిగిపోతారు. గొడుగు అడ్డం పెట్టి షెడ్డులోకి తీసుకొచ్చాను. తడిసిన గుడ్డ తీసి పొడిది కట్టుకున్నారు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"విన్నావా పొద్దున, మా ఇంట్లో?" అన్నారు.

"ఏంటండీ?"

"నవ్వులు."

నేను గొడుగు మడిచి పక్కన పెట్టాను.

"నా గొంతు పోయాకే అది ఇల్లయింది భాయ్."

"అలా అనకండి. మీకు నయమైందని వాళ్ళ సంతోషం."

"అబద్ధమాడకు. బేరాల్లో తప్ప నీకు చేతకాదు." ఆయన మెడ గుడ్డ సర్దుకున్నారు. "ఇక నేను అరవలేనని వాళ్ళకి తెలుసు. అయినా నన్ను చూస్తే ఆగిపోతారు. అందుకే ఇక్కడికొస్తున్నా. ఆట కోసం అనుకున్నావా?"

రేకుల మీద వాన పెరిగింది. ఆయన ఇంకా ఏదో అంటున్నారు. దగ్గరికి జరిగి చూశాను.

"మా ఆవిడతో ఒక మాట చెబుదామని చూస్తున్నా. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తే, అర్థం కావట్లేదంటుంది. నీకు అర్థమవుతోంది. ఈ మిలిటరీ వాడికీ అర్థమవుతోంది. దానికి కాదు. ఎందుకో తెలుసా? నేను అరిచిన ఇన్నేళ్ళూ అది నేలకేసి చూసింది. నా మొహం ఎప్పుడూ చూడలేదు. నా పెదాలు ఎలా కదులుతాయో దానికెలా తెలుస్తుంది?"

"పోనీ రాసి ఇవ్వండి."

"ఇంటికి నేను రాసి పంపినవన్నీ ఆర్డర్లే. పెట్టె సర్దు, నలుగురికి వంట చెయ్యి. ఇదీ అలాగే చదువుతుంది."

"ఏం చెప్పాలనండీ?"

ఆయన నా వైపు తిరిగి, నేను పొరపడకుండా, ఒక్కొక్క అక్షరం విడదీసి పెదవులు కదిపారు. "తప్పు చేశాను."

వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. "నేనుండగా నువ్వు చెప్పకు. నేనే చెప్పుకోవాలి."

ఆ తర్వాత కొద్దిరోజులకే గ్రౌండులో ఒక గొడవ అయింది. రోజూ వచ్చే ఒక కంట్రాక్టరు చాప మీద నిలబడి ఫోనులో భార్య మీద అరుస్తున్నాడు. ఏ తాళాలో కనపడలేదట. నోటికొచ్చిందల్లా అంటున్నాడు. షావుకారు గారు దూరం నుంచి అతన్ని చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి, ఆ ఫోను పట్టుకున్న చేతిని తన చేత్తో పట్టి, నోటి దగ్గర్నుంచి జరిపి అతని చెవికి ఆనించారు. అలాగే పట్టుకుని నిలబడ్డారు.

కంట్రాక్టరు ఎర్రబడ్డాడు. "ఏంటయ్యా ఇది? ఏమంటాడీయన?"

"వినమంటున్నారండీ" అన్నాను.

అతను చెయ్యి విదిలించుకుని, "పిచ్చిముండాకొడుకుని తీసుకొచ్చి మా నెత్తిన పెట్టావు" అని నన్ను తిట్టి కారెక్కి వెళ్ళిపోయాడు. షావుకారు గారు అతను వెళ్ళిన వైపే చాలాసేపు చూశారు. ఆ రోజు ఆడలేదు.

చలికాలం వచ్చేసరికి మెడ పక్కన గడ్డ తేలింది. మళ్ళీ హైదరాబాద్ వెళ్ళారు. చెయ్యడానికేమీ లేదని, ఇంటికి తీసుకెళ్ళమని చెప్పారట. ఆఖరిసారి గ్రౌండుకి వచ్చిన రోజు ఆయనకి స్టిక్కు పట్టుకునే ఓపిక లేదు. షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "నువ్వు కొట్టు" అన్నారు. కొట్టి, ఎలా ఉందని వెనక్కి తిరిగితే ఆయన నా వైపు చూడటమే లేదు. అవతల మినప చేలో ఒకడు, దూరంగా గట్టు మీద పోతున్న ఇంకొకణ్ణి ఎలుగెత్తి పిలుస్తున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని అదే వింటున్నారు.

తర్వాత ఎక్కువ రోజులు లేరు. పోయేటప్పుడు ఎవర్నీ పిలవలేదు, పిలవలేరు కదా. తెల్లారి భార్య కాఫీ పట్టుకెళ్ళి చూస్తే మెడ మీద గుడ్డ కదలడం లేదట.

గ్రౌండుకి ఇక వెళ్ళనేమో అనుకున్నాను. నాకు అక్కడ పనేముంది, మాట్లాడాల్సిన మనిషే లేనప్పుడు? కానీ రెండు పొద్దులు ఇంట్లో కూర్చునేసరికి కాళ్ళు నిలవలేదు. వెళ్ళాను. అప్పట్నుంచీ వెళ్తూనే ఉన్నాను.

దినాలన్నీ అయ్యాక ఆవిడ కబురు పెట్టింది. పటమట వెళ్తే హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆయన స్టిక్కుల సంచి గోడకి ఆనించి ఉంది.

"ఇది మీరు తీసుకెళ్ళండి భాయ్ గారూ. మా అబ్బాయికి అక్కర్లేదట. మీరైతే వాడతారు."

సంచి అందుకున్నాను గానీ లేవలేకపోయాను. ఆయన ఉండగా చెప్పొద్దన్న మాట నా దగ్గర అలాగే ఉంది. ఇప్పుడు ఆయన లేరు.

"అక్కయ్య గారూ, ఆయన మీతో ఒక మాట చెప్పాలని చాలా తాపత్రయపడ్డారండీ. మీకు ఆయన పెదాలు అర్థం కాక..."

"తప్పు చేశానని" అందావిడ.

నేను తెల్లబోయాను. "మీకెవరు చెప్పారండీ?"

"ఆయనే. ఎన్నిసార్లు చెప్పాడో. ఎదురుగా కూర్చోబెట్టి, చంటిపిల్లలకి మాటలు నేర్పినట్టు విడదీసి విడదీసి." ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. "మొదటిసారే అర్థమైంది భాయ్ గారూ. అర్థం కానట్టు ఉన్నాను."

"ఎందుకండీ?"

"అర్థమైందంటే, పర్లేదు లెండి అనాల్సొచ్చేది. అంత జబ్బుతో ఉన్న మనిషిని పట్టుకుని ఇంకో మాట ఎలా అంటాం? ముప్పై ఏళ్ళు ఆయన ఏం చెప్పినా తలూపాను. ఆ ఒక్కదానికీ ఊపలేకపోయాను."

ఆవిడ ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. నా మొహంలోకే చూస్తోంది. నేనే తల దించుకున్నాను.

లోపల కోడలు ఏదో పాట పాడుకుంటూ గిన్నెలు సర్దుతోంది. ఆవిడ అటు తిరిగి, "అమ్మాయ్, భాయ్ గారికి టీ పెట్టమ్మా" అంది, పక్క గదిదాకా వినపడితే చాలన్నంత గొంతుతో. టీ వచ్చేదాకా నేను ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.